అత్యాశకు హద్దు ఎక్కడ గీయాలి? సూక్ష్మరుణాల అనుభవం మీద ఒక చర్చ

కాలువగట్టు:

సభ్యులందరికీ నమస్కారం. అత్యాశ చెడ్డదని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం గనుక, అది మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నతో ఈ చర్చ మొదలుపెట్టడం లేదు. మనసులో ఉన్నంతసేపు అది ఆ మనిషి సొంత వ్యవహారం. అది ఏ దారిన పక్కవాళ్ళ ఇంటి మీద పడుతుంది, పడకముందే సమాజం దాన్ని ఎక్కడ ఆపగలదు అన్నదే నేను తేల్చుకోవాలనుకుంటున్న విషయం. మాటలు గాలిలో పోకుండా ఉండడానికి, మనలో చాలామంది దగ్గరనుంచి చూసిన సంగతినే తీసుకుందాం. అది 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బద్దలైన సూక్ష్మరుణ సంక్షోభం, అంటే పేద మహిళలకు హామీ లేకుండా చిన్న చిన్న అప్పులిచ్చిన కంపెనీల బాకీలు ఒక్కసారిగా నిలిచిపోయిన వ్యవహారం.

మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లె. 2009లో మా అమ్మ అలాంటి ఒక కంపెనీ దగ్గర ఐదుగురి గ్రూపులో చేరి పదివేలు అప్పు తీసుకుంది. ప్రతి మంగళవారం ఉదయం ఏడింటికి రామాలయం పక్కన అరుగు మీద సెంటరు మీటింగు, అంటే ఊళ్ళోని గ్రూపులన్నీ కలిసి కిస్తీ కట్టే సమావేశం, జరిగేది. ఆడవాళ్ళు గ్రూపుల వారీగా వరసలు కట్టి కూర్చుని, ముందు ప్రతిజ్ఞ చదివి, తరవాత కొంగుముడి విప్పి ఒక్కొక్కరు 230 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి, కార్డు మీద సంతకం చేయించుకునేవారు. ఒక మంగళవారం మా అమ్మ గ్రూపులోని ఒకావిడ డబ్బు తేలేకపోయింది. ఆవిడకు మూడు కంపెనీల బాకీలు ఉన్నాయని అంతకు ముందే అందరికీ తెలుసు. లెక్క పూర్తికానిదే ఎవరూ లేవకూడదన్నది అక్కడి నియమం. ఎనిమిది దాటింది, తొమ్మిది దాటింది, మిరపకోతకు తీసుకెళ్ళే ట్రాక్టరు వచ్చి కాసేపు ఆగి వెళ్ళిపోయింది. పదిన్నరకు ఆవిడ ఇంటికి వెళ్ళి ఇత్తడి బిందె తెచ్చి కొట్లో కుదువ పెట్టింది. కిస్తీ కట్టింది. అందరూ లేచారు. నలభై మంది ఆడవాళ్ళకు ఆ రోజు కూలి పోయింది.

కిస్తీలు వసూలు చేస్తూ కుర్చీలో కూర్చున్న కంపెనీ ఆఫీసరు కుర్రవాడు దుర్మార్గుడు కాడు. అమ్మ కూడా దుర్మార్గురాలు కాదు. అలాంటప్పుడు ఆ బిందెను ఇంట్లోనుంచి బయటికి లాగినది ఎవరి ఆశ అన్న ప్రశ్న నన్ను ఇన్నేళ్ళుగా వదలడం లేదు. మీ అభిప్రాయాలు కావాలి.

పాతపద్దు:

కాలువగట్టు గారూ, నేను ముప్పైమూడేళ్ళు బ్యాంకు ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందినవాడిని. ముందుగా లెక్క చూద్దాం, ఎందుకంటే అత్యాశ తరచుగా లెక్కలోనే దాక్కుంటుంది.

పదివేల అప్పుకు వారానికి 230 చొప్పున యాభై వారాలు కడితే మొత్తం 11,500 అవుతుంది. దీన్ని మీ అమ్మగారికి 15 శాతం వడ్డీ అని చెప్పి ఉంటారు. పదివేలకు పదిహేను వందలు గనుక వినడానికి అది సబబుగానే ఉంటుంది. అయితే ఆవిడ పదివేలనూ ఏడాదంతా తన దగ్గర ఉంచుకోలేదు. మొదటి వారం నుంచే అసలు తీరుతూ వచ్చింది గనుక, సగటున ఆవిడ చేతిలో ఉన్న బాకీ ఐదువేలకు కాస్త ఎక్కువ. తగ్గుతున్న బాకీ మీద లెక్కగడితే అది ఏడాదికి సుమారు 29 శాతం, అంటే మన ఊళ్ళ లెక్కలో నూటికి రెండున్నర రూపాయలకు దగ్గర. దరఖాస్తు రుసుమూ బీమా పేరిట పట్టుకున్నదీ కలిపితే ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. 29 శాతం అనగానే అంతా అత్యాశేనని తీర్మానించకూడదు. పది లక్షల అప్పు ఒకటి ఇచ్చి నెలకొకసారి వసూలు చేయడానికి అయ్యే ఖర్చు వేరు, పదివేల అప్పులు వంద ఇచ్చి వారం వారం ఊరికి మనిషిని పంపడానికి అయ్యే ఖర్చు వేరు. ఆ సంస్థలు మాలాంటి బ్యాంకుల దగ్గరే 12, 13 శాతానికి డబ్బు తెచ్చుకునేవి. ఖర్చులు పోగా మిగిలేది ఎంత అన్నదాన్ని బట్టి అవసరమా ఆశా అన్నది తేలుతుంది. 2011 జనవరిలో రిజర్వు బ్యాంకు కేంద్ర బోర్డు ఉపసంఘం, అంటే మాలేగాం కమిటీ, వడ్డీ 24 శాతానికి మించకూడదని సూచించింది. ఆ తరవాత రిజర్వు బ్యాంకు 26 శాతాన్ని పైమెట్టుగా పెట్టి, తెచ్చుకున్న ధరకూ ఇచ్చిన ధరకూ మధ్య తేడా 12 శాతం దాటకూడదంది. నా దృష్టిలో ఆ రెండో నియమమే తెలివైనది. అది వడ్డీని కాదు, మిగులును కొలుస్తుంది.

తప్పు ఎక్కడ మొదలైందంటే, 29ని 15 అని చెప్పిన చోట. నిజమైన ధర చెప్పి ఎక్కువ తీసుకునేవాడితో బేరమాడవచ్చు, వద్దని లేచిపోవచ్చు. ధరే దాచిపెట్టినవాడి ముందు ఆ అవకాశం లేదు.

నల్లరేగడి:

నేను పల్నాడులో పత్తి, మిరప వేసే రైతును. ఈ చర్చ ఒకవైపే ఒరిగిపోతుందేమోనన్న ఆందోళనతో రాస్తున్నాను.

2010 అక్టోబరు మధ్యలో రాష్ట్ర ప్రభుత్వం ఈ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. ఆ వెంటనే రాజకీయ నాయకులు ఊళ్ళలోకి వచ్చి, కట్టనక్కరలేదని చెప్పి వెళ్ళారు. అప్పటిదాకా నూటికి తొంభైతొమ్మిది వంతులు వసూలయ్యే బాకీలు పది వంతులకు పడిపోయాయి. రాష్ట్రంలో ఏడువేల కోట్లకు పైగా నిలిచిపోయింది. కంపెనీలకు బ్యాంకులు డబ్బు ఇవ్వడం మానేశాయి. కంపెనీలు మా ఊళ్ళనుంచి వెళ్ళిపోయాయి. మంచిదే అనుకున్నాం. కానీ మరుసటి జూన్‌లో విత్తనాలకు డబ్బు కావలసివచ్చినప్పుడు మా ఆడవాళ్ళు ఎవరి గడప ఎక్కారో తెలుసా? నూటికి మూడు రూపాయలకు ఇచ్చే ఎరువుల కొట్టు యజమాని గడప. అది ఏడాదికి 36 శాతం. పైగా పంట ఆయనకే అమ్మాలి, తూకం ఆయనదే, ధర ఆయన చెప్పినదే. ఆ వడ్డీకి కార్డూ లేదు, రసీదూ లేదు, పైమెట్టూ లేదు.

ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ సంక్షోభాన్ని లోతుగా పరిశీలించారు. ఆర్డినెన్సు దెబ్బకు మన రాష్ట్రంలో నష్టపోయిన సంస్థలు ఇతర రాష్ట్రాలలో కూడా అప్పులు తగ్గించుకోవలసి వచ్చిందనీ, అలా తగ్గిన జిల్లాలలో గ్రామీణ కూలి రేట్లు పడిపోయాయనీ వారు చూపించారు. ఇక్కడి చట్టం ఎక్కడో ఉన్న కూలివాడి చేతిలో డబ్బు తగ్గించింది. అత్యాశను కొట్టబోయి అవసరాన్ని కొడితే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం ఉండదు. కాబట్టి హద్దు గీయండి, కాదనను. గీసేవాళ్ళు, అటుపక్క మాకు ఇంకేం దారి ఉందో చూసి గీయాలి.

చట్టం చదువరి:

నల్లరేగడి గారు చెప్పిన దానిలో సింహభాగం ఒప్పుకుంటూనే, ఆ ఆర్డినెన్సులో ఏముందో ఒకసారి గుర్తుచేస్తాను. దాన్ని ‘కట్టవద్దు’ అన్న చట్టంగానే జనం గుర్తుపెట్టుకున్నారు, కానీ అందులో ఆ మాట ఎక్కడా లేదు.

అది 2011లో మొదటి నంబరు చట్టమైంది. సంస్థ ప్రతి జిల్లాలోనూ నమోదు చేసుకోవాలి, వడ్డీ రేటును కార్యాలయంలో అందరికీ కనిపించేలా పెట్టాలి, స్వయం సహాయక సంఘంలో బాకీ ఉన్న మహిళకు ముందస్తు అనుమతి లేకుండా రెండో అప్పు ఇవ్వకూడదు, వసూళ్ళు గ్రామపంచాయతీ కార్యాలయం దగ్గరో నిర్దేశించిన బహిరంగ స్థలంలోనో జరగాలి, వాయిదా వారానికి కాక నెలకు ఉండాలి, బలవంతం చేస్తే జైలు. వీటన్నిటితో పాటు, వడ్డీ మొత్తం అసలును మించి వసూలు చేయరాదన్న నియమం కూడా ఉంది.

ఈ చివరి నియమం దగ్గర నేను కాసేపు ఆగుతాను. ఇది 2010లో ఎవరికో తట్టిన ఆలోచన కాదు. ఒకేసారి వసూలు చేసే వడ్డీ అసలుకు సమానం కాగానే ఆగిపోవాలన్నది మన ధర్మశాస్త్రాలలో ఉన్న మాట. బొంబాయి ప్రాంతపు కోర్టులు దీన్ని దామ్ దుపట్ అనే పేరుతో బ్రిటిషువారి కాలంలోనూ అమలుచేశాయి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులలో, రాజాజీ ప్రభుత్వం 1938లో వ్యవసాయదారుల రుణవిమోచన చట్టం తెచ్చింది. దాని ప్రకారం 1937 అక్టోబరు 1 నాటికి రైతు మీద పేరుకున్న వడ్డీ బకాయి రద్దయింది, అసలుకు రెట్టింపు కట్టేసిన రైతుకు ఆ బాకీ పూర్తిగా తీరినట్టే. అంటే మన పూర్వులు అప్పిచ్చేవాడి మనసును మార్చబోలేదు. వడ్డీ అనేది ఎక్కడో ఒకచోట ఆగిపోవాలని మాత్రం అన్నారు. చక్రవడ్డీకి తనంతట తాను ఆగే గుణం లేదు గనుక, ఆపేది బయటనుంచే రావాలి.

ఒక విచారకరమైన సంగతి కూడా చెప్పాలి. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఆర్థిక సంస్థలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022 మేలో సుప్రీంకోర్టు కేరళ, గుజరాత్ కేసులలో తేల్చింది. దాన్ని అనుసరించి 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, మన 2011 చట్టం అటువంటి సంస్థలకు వర్తించదని చెప్పింది. రాజ్యాంగం ప్రకారం ఆ తీర్పు సరైనదే కావచ్చు. కానీ హద్దు గీసే చేయి జిల్లా కలెక్టరు కార్యాలయం నుంచి ముంబయిలోని రిజర్వు బ్యాంకుకు మారిందన్నది వాస్తవం. 2006లో కృష్ణా జిల్లా అధికారులు యాభై దాకా శాఖలను మూయించగలిగారంటే, ఆ ఊళ్ళ మాట వాళ్ళ చెవిన పడడం వల్లే. ముంబయికి ఆ మాట అంత తొందరగా వినిపించదు.

వేకువబండి:

కాలువగట్టు గారి మొదటి టపా చదివి రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. ఆ కుర్చీలో కూర్చున్న కుర్రవాడిలాంటివాడిని నేనూ. సంస్థ పేరు చెప్పను. 2008 నుంచి 2010 దాకా ఉత్తర తెలంగాణలో ఒక సూక్ష్మరుణ సంస్థలో పనిచేశాను. నాకప్పుడు ఇరవైరెండేళ్ళు.

తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, ఐదున్నరకు బండి తీసేవాడిని. నా చేతికింద ఐదువందల మందికి పైగా సభ్యులు. జీతం తక్కువ. దాని మీద వచ్చే ప్రోత్సాహకం కొత్తగా చేర్చుకున్న సభ్యుల సంఖ్య మీదా, వసూలైన శాతం మీదా ఆధారపడి ఉండేది. వసూలు నూటికి నూరు ఉంటే ఒక మొత్తం, ఒక్కరు తప్పినా ఆ నెలకు దాదాపు సున్నా. గోడ మీద తెల్లబోర్డు మీద శాఖలోని అందరి పేర్లూ ఎవరి వరుస ఎంతో తెలిసేలా రాసి ఉండేవి. నెలాఖరున మేనేజరు ఆ బోర్డు ముందు నిలబెట్టేవాడు. ఆయనకు పైన ఏరియా మేనేజరుకు ఇంకో బోర్డు, ఆయన పైవారికి మరొకటి ఉండేవి.

ఒకసారి ఒక గూడెంలో ఒక తల్లికి అప్పు మంజూరు చేశాను. ఆవిడ పూరిపాక లోపలి చూరుకు మరో రెండు కంపెనీల కార్డులు దోపి ఉండడం నా కళ్ళతో చూశాను. దరఖాస్తులో ‘ఇతర అప్పులు లేవు’ అన్న గడిలో టిక్కు పెట్టాను. ఆ టిక్కుకు నాకు వచ్చినది చాలా చిన్న మొత్తం. అది అత్యాశ అంటే ఒప్పుకుంటాను. కానీ అంత చిన్న ఆశ అంత పెద్ద హాని చేయగలగడానికి కారణం, నాలాంటి వేలమంది టిక్కులను ఒకే సంచిలో పోసి, ఆ సంచిని చూపించి పైన ఎవరో కోట్లు సమీకరిస్తూ ఉండడం. ఆవిడ కట్టలేకపోతే నష్టం నాది కాదు, టిక్కు పెట్టకపోతే మాత్రం నష్టం నాదే. అలా కట్టిన పనిలో మంచివాడు కూడా చెడ్డపని చేస్తాడు. ఇది నేను తప్పించుకోవడానికి చెబుతున్నది కాదు.

పొరుగూరు:

వేకువబండి గారు ‘పైన ఎవరో’ అన్నారు. ఆ పైన ఉన్నవారిలో నేనూ ఒకడిని. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఊరు నెల్లూరు జిల్లా.

2010 జులై చివరలో ఎస్‌కెఎస్ సంస్థ వాటాలు ఒక్కొక్కటి 985 రూపాయలకు ప్రజలకు అమ్మకానికి వచ్చాయి. దేశంలో ఒక సూక్ష్మరుణ సంస్థ స్టాక్ మార్కెట్లో నమోదు కావడం అదే మొదటిసారి. పదహారు వందల కోట్లకు పైగా సమీకరించారు. అమ్మకానికి పెట్టిన వాటాలకు పది రెట్లకు పైగా గిరాకీ ఉండింది. మా ఆఫీసులో తెలుగువాళ్ళమంతా దరఖాస్తు చేశాం. ‘పేదలకు అప్పులిచ్చే సంస్థ, పైగా లాభం’ అని ఒకరికొకరం చెప్పుకున్నాం. నిజంగానే మంచిపని చేస్తున్నామన్న భావం ఉండింది. బంగ్లాదేశ్‌లో పేదలకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ బ్యాంకు స్థాపకుడు ముహమ్మద్ యూనుస్ ఈ వాటాల అమ్మకాన్ని బహిరంగంగా విమర్శించారు. పేదల మీద లాభం తీయవచ్చని మదుపరులకు చెప్పడం తప్పన్నది ఆయన అభ్యంతరం. అప్పుడు ఆ మాట నాకు చాదస్తంగా అనిపించింది.

నేను ఎవరి ఇంటికీ వెళ్ళలేదు, ఎవరినీ అరుగు మీద కూర్చోబెట్టలేదు. నేను చేసినదల్లా, మూడు నెలలకొకసారి వచ్చే ఫలితాలలో సభ్యుల సంఖ్య ఎంత పెరిగిందో చూసి, పెరుగుదల తగ్గితే అసంతృప్తి చెందడం. నా అసంతృప్తి ధరగా మారి, ఆ ధర పైవారి బోర్డుకు ఎక్కి, ఆ బోర్డు నుంచి తెల్లవారుజామున బండి తీసే ఇరవైరెండేళ్ళ కుర్రవాడిని చేరిందని ఇప్పుడు అర్థమవుతోంది. నా ఆశ అంత దూరం ప్రయాణించిందని నాకు తెలియకపోవడమే అసలు ప్రమాదం. దగ్గర ఉన్నవాడి అత్యాశకు కనీసం సిగ్గు అడ్డం వస్తుంది. ఎరువుల కొట్టాయన కూడా పెళ్ళిళ్ళకు పిలిస్తే రావాలి కదా. నాకు ఆ ఊళ్ళో ఎవరి ముఖమూ చూడవలసిన అవసరమే లేదు.

నల్లరేగడి:

పొరుగూరు గారూ, మీ నిజాయితీకి నమస్కారం. అయితే ఎరువుల కొట్టాయనకు సిగ్గు అడ్డం వస్తుందన్న మాట దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను. 2015 చివరలో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ వ్యవహారంలో అప్పిచ్చినవాళ్ళు, తీసుకున్నవాళ్ళు ఒకే వీధుల్లో తిరిగేవాళ్ళే. దగ్గరితనం మంచి మనిషికి అడ్డంకి, చెడ్డవాడికి ఆయుధం. ఇంటి గుట్టు తెలిసినవాడు బెదిరించినట్టు ముంబయిలో ఉన్నవాడు బెదిరించలేడు.

మల్లెపందిరి:

నేను నల్లగొండ జిల్లాలో ఒక గ్రామసంఘానికి అధ్యక్షురాలిగా పనిచేశాను. పొదుపు సంఘాల గురించి ఎవరూ రాయలేదు గనుక రాస్తున్నాను.

మా సంఘంలో మొదట రోజుకో రూపాయి పొదుపు చేసేవాళ్ళం. నాబార్డు 1992లో మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానం వల్ల తరవాత బ్యాంకు అప్పులు వచ్చాయి. 2004 నుంచి పావలా వడ్డీ పథకం ఉండేది. సరిగ్గా కట్టినవారికి నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం పోగా మిగతా వడ్డీ ప్రభుత్వమే భరించింది. మరి ఇంత చవకైన అప్పు ఊళ్ళోనే ఉండగా 29 శాతం అప్పుకు ఎందుకు పోయారని అడగవచ్చు. బ్యాంకు మేనేజరు మా సంఘాన్ని ఆరుసార్లు తిప్పుకునేవాడు గనుక. అడిగినదానిలో మూడోవంతే ఇచ్చేవాడు గనుక. వడ్డీ రాయితీ డబ్బు నెలల తరబడి ఖాతాలో పడేది కాదు గనుక. కంపెనీవాళ్ళయితే వారం రోజుల్లో గుమ్మం దగ్గరకే డబ్బు తెచ్చేవారు. పేదవారికి వడ్డీ ఎంత అన్నదానికంటే డబ్బు ఎప్పుడు అన్నది ముఖ్యం, ఆసుపత్రిలో పిల్లవాడు ఉన్నప్పుడు మరీను.

మా సంఘంలో మేము ఆశను ఎలా అదుపులో పెట్టుకున్నామో చెబుతాను. సంఘం లోపల అప్పుకు మేమే నూటికి రూపాయి వడ్డీ పెట్టుకున్నాం. ఆ వడ్డీ తిరిగి మా సంఘం నిధికే చేరేది గనుక, పెంచితే లాభం మాదే, భారమూ మాదే. ఒకసారి రూపాయిన్నర చేద్దామని ఒకరు ప్రతిపాదించారు. అప్పుడు బాకీ ఉన్న పక్కావిడ లేచి, నీ వంతు వచ్చినప్పుడు నువ్వూ కట్టాలి కదా అక్కా అంది. ప్రతిపాదన అక్కడితో ఆగింది. మమ్మల్ని ఆపింది ఏ అధికారీ కాదు, ఎవరికైనా రేపు అటువైపు కూర్చోవలసివస్తుందన్న ఎరుక. చిట్టీలలో కూడా అంతే, పాడుకునేవాడూ పంచుకునేవాడూ ఒకే జాబితాలో ఉంటారు. పైగా 1982 చట్టం ప్రకారం చిట్టీ నడిపేవాడు ముందుగా చిట్టీ మొత్తానికి తగిన హామీని రిజిస్ట్రారుకు చూపాలి, అతని కమీషనుకు కూడా పైమెట్టు ఉంది. చిట్టీలు నడపడం ఎవరూ మానుకోలేదు.

ఇప్పుడు నన్ను భయపెడుతున్నది ఫోనులో వచ్చే అప్పులు. 2020లో కరోనా మూతల తరవాత మా మేనల్లుడు ఒక యాప్‌లో ఐదువేలు తీసుకున్నాడు. చేతికి వచ్చింది మూడున్నర వేలు. గడువు ఏడు రోజులు. ఎనిమిదో రోజున అతని ఫోనులో ఉన్న పేర్లందరికీ, నాకూ సహా, అతన్ని దొంగ అంటూ ఫొటోతో సందేశాలు వచ్చాయి. అక్కడ ఆఫీసరు లేడు, అరుగు లేదు, బ్రతిమాలుకోవడానికి మనిషే లేడు.

పాతపద్దు:

మల్లెపందిరి గారు బ్యాంకు మేనేజరు గురించి రాసినది నాలాంటివారికి తగలవలసిన మాటే. చిన్న అప్పుల ఫైలును పక్కన పెట్టిన రోజులు నాకూ ఉన్నాయి. మేము తలుపు సగం మూసినందువల్లే ఆ సంస్థలకు గుమ్మాలు తెరుచుకున్నాయి.

నియమాల సంగతికి వస్తే, 2022లో రెండు ముఖ్యమైన మార్పులు వచ్చాయి. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి హామీ లేకుండా ఇచ్చే ప్రతి అప్పూ సూక్ష్మరుణమేననీ, ఆ కుటుంబం అన్ని అప్పులకూ కలిపి కట్టే నెలవారీ వాయిదాలు ఆదాయంలో సగానికి మించకూడదనీ రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తరవాత వసూలు కోసం ఫోను చేయకూడదంది. అయితే అదే ఆదేశాలలో వడ్డీ మీద, మిగులు మీద ఉన్న పైమెట్టును తీసివేసింది. పోటీ వల్ల వడ్డీలు తగ్గుతాయన్నది ఆశాభావం. 2024 అక్టోబరులో ఇదే రిజర్వు బ్యాంకు, వడ్డీ మితిమీరిందంటూ నాలుగు ఆర్థిక సంస్థలను కొత్త అప్పులు ఇవ్వకుండా ఆపవలసివచ్చింది. ఆ పైమెట్టు తీయడం తొందరపాటని నా గట్టి అభిప్రాయం. ఆదాయంలో సగం అన్న నియమం ఆలోచన మంచిదే, కానీ కూలి చేసుకునే ఇంట్లో ఆదాయం ఎంతని రాసేది ఎవరు? మళ్ళీ వేకువబండి గారిలాంటి కుర్రవాడే, మళ్ళీ ఒక గడిలో.

యాప్‌ల విషయంలో 2022 సెప్టెంబరులో వచ్చిన మార్గదర్శకాలు చాలావరకు సరైనవి. డబ్బు నేరుగా తీసుకునేవారి ఖాతాలోకే రావాలి, ఏడాది లెక్కన మొత్తం ఖర్చు ముందే చెప్పాలి, ఫోనులోని పేర్ల జాబితాను, ఫొటోలను తాకకూడదు. ఇవి నియంత్రణలో ఉన్న సంస్థలను కట్టడి చేస్తాయి. ఊరూ పేరూ లేని యాప్‌ను పట్టుకోవలసినది పోలీసులే.

కాలువగట్టు:

వేకువబండి గారిని ఒక ప్రశ్న అడగాలి. నొప్పించాలని కాదు. ఇన్ని నియమాలు చదివారు కదా, వీటిలో ఏ ఒక్కటి ఆనాడు ఉండి ఉంటే మీరు ఆ టిక్కు పెట్టేవారు కాదు?

వేకువబండి:

చాలాసేపు ఆలోచించాను. వడ్డీ పైమెట్టు నన్ను ఆపేది కాదు, ఎందుకంటే వడ్డీ నా చేతిలో లేదు. జైలు భయం కూడా ఆపేది కాదు, ఆ వయసులో అది మనదాకా రాదనే అనుకుంటాం.

అప్పు ఇచ్చిన ఏడాది తరవాత ఆ కుటుంబం పరిస్థితి ఎలా ఉందన్నదాన్ని బట్టి నాకు ప్రోత్సాహకం ఇచ్చి ఉంటే ఆగేవాడిని. చేర్చిన నెలలోనే డబ్బు చేతికి రాకపోతే చూరులోని కార్డులు నాకు అడ్డంగా కనిపించేవి. రెండోది, వసూలు పంచాయతీ ఆఫీసు దగ్గర పెట్టమన్న నియమం. అది వచ్చిన కొత్తలో మేమంతా మండిపడ్డాం. కానీ ఆ కొద్ది వారాలు నేను అక్కడ కూర్చున్నాను. సర్పంచి, కారోబారు, పింఛను కోసం వచ్చిన ముసలివాళ్ళు చూస్తూ ఉంటారు. డబ్బు తేలేని మనిషిని గంటలకొద్దీ అక్కడ కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు. నా మనసు మారినందువల్ల కాదు. నలుగురి కళ్ళు నా మీద ఉన్నందువల్ల.

కాలువగట్టు:

కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఈ చర్చ మొత్తం అమ్మకు చదివి వినిపించాను. వడ్డీ లెక్క దగ్గర ఆశ్చర్యపోయింది, తనకు ఇన్నేళ్ళూ 15 శాతమనే తెలుసు. వేకువబండి గారి టపా రెండుసార్లు చదివించుకుంది. ఆ తరవాత నాకు ఇంతవరకు చెప్పని మాట ఒకటి చెప్పింది.

‘ఆ రోజు ఆ అబ్బాయి నోరు తెరిచి ఒక్క మాట అనలేదురా. అన్నవాళ్ళమంతా మేమే. ట్రాక్టరు పోతోందని, కూలి పోతోందని, దాన్ని తిట్టింది నేనే. బిందె తెమ్మన్నది కూడా నేనే.’

బిందె కుదువ పెట్టిన ఆవిడ ఇప్పుడు మా ఊళ్ళో లేదు. చట్టం చదువరి గారూ, అమ్మ చేత ఆ మాట అనిపించిన పద్ధతికి మీరు చెప్పిన చట్టాలలో ఎక్కడైనా అడ్డుందా?

చట్టం చదువరి:

సూటిగా చెబుతాను, లేదు. వసూలులో దుర్భాష, బెదిరింపు, బంధువుల మీద, స్నేహితుల మీద, తోటి పనివారి మీద ఒత్తిడి, ఇవన్నీ 2022 ఆదేశాలలో నిషిద్ధమే. కానీ ఆ నిషేధం సంస్థ ఉద్యోగులకూ, ఏజెంట్లకూ వర్తిస్తుంది. తోటి సభ్యురాలు ఉద్యోగీ కాదు, ఏజెంటూ కాదు. ఐదుగురినీ ఒకరికొకరు పూచీగా కట్టి, ఒకరి కిస్తీ తప్పితే నలుగురికీ కొత్త అప్పు ఆపేస్తామని చెప్పినప్పుడు, వసూలు చేసే పని జీతం లేకుండా ఆ నలుగురికీ అప్పజెప్పినట్టే. దాన్ని ఏజెన్సీగా పరిగణించాలని వాదించవచ్చునని నాకు అనిపిస్తోంది. ఉమ్మడి పూచీ పెట్టిన సంస్థ, ఆ గ్రూపు మీటింగులో జరిగిన ప్రతి అవమానానికీ తానే బాధ్యత వహించాలని ఒక్క వాక్యం చేర్చితే చాలు. ఆ వాక్యాన్ని ఎలా రాయాలో ఒక ముసాయిదా తయారుచేసి వచ్చే వారం ఇక్కడే పెడతాను. పాతపద్దు గారూ, మల్లెపందిరి గారూ దాన్ని చూసి దిద్దాలని కోరుతున్నాను. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.